శాంతికి వెల కట్టిన సేనాని జాన్ హాక్‌వుడ్

సభకు నమస్కారం.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరపు కతీడ్రల్‌లోకి పడమటి ద్వారం గుండా ప్రవేశించి ఎడమచేతి వైపు నడిస్తే, గోడ మీద 8 మీటర్ల పైచిలుకు ఎత్తున ఒక గుర్రపు రౌతు కనిపిస్తాడు. దూరం నుంచి కంచు విగ్రహమేమో అనిపించే ఆ రూపం నిజానికి ఆకుపచ్చ మట్టిరంగుతో వేసిన కుడ్యచిత్రం. 1436లో పావొలో ఉచ్చెల్లో వేశాడు. కింద సమాధి పేటిక, పైన గుర్రం, గుర్రం మీద చేతిలో సేనాధిపత్యపు దండం పట్టుకొని నిటారుగా కూర్చున్న ఒక వృద్ధుడు. ఆ గుర్రం ఒక పక్కనున్న రెండు కాళ్లనూ ఒకేసారి ఎత్తిందనీ, నిజమైన గుర్రం అలా చేస్తే కిందపడుతుందనీ తర్వాతి తరం కళాచరిత్రకారుడొకరు తప్పు పట్టాడు. గుర్రం సంగతి అలా ఉంచితే, ఆ రౌతు మాత్రం ముప్పై ఏళ్లపాటు జీను మీద నుంచి కిందపడకుండా నెగ్గుకొచ్చాడు. ఆయన పేరు జాన్ హాక్‌వుడ్. ఇంగ్లీషువాడు. ఆ పేరు పలకడం తమ నోటికి తిరగక ఇటలీ వాళ్లు ఆయనను జొవాన్నీ అకూతో అన్నారు. అకూతో అంటే వాళ్ల భాషలో పదునైనవాడు అని అర్థం. యాదృచ్ఛికంగా అతికినా, అంతకంటే సరైన పేరు దొరకదు.

ఈ మనిషి ఒకప్పుడు ఫ్లోరెన్స్ పొలాలను తగలబెట్టాడు, దాని కోటగోడల దాకా వచ్చి భయపెట్టాడు, దాని ఖజానా నుంచి మూటలు మోయించుకొని పోయాడు. అదే నగరం ఆయన చనిపోయినప్పుడు రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపి, నలభై ఏళ్ల తర్వాత తన పవిత్ర స్థలంలోనే ఆయన బొమ్మ గీయించింది. హాక్‌వుడ్ క్రూరత్వాన్ని గురించి చాలామంది మాట్లాడారు. ఈనాడు నేను మాట్లాడదలచుకున్నది ఆ క్రూరత్వానికి ఉన్న ధర గురించీ, ఆ ధర చెల్లించినవాళ్ల గురించీ.

హాక్‌వుడ్ పుట్టింది ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ ప్రాంతంలో, సిబుల్ హెడింగమ్ అనే పల్లెలో, 1320ల ప్రాంతంలో. తండ్రి కొద్దిపాటి భూమి ఉన్నవాడు. చిన్న కొడుకుకు పెద్ద ఆస్తి వచ్చే ఆశ లేదు. ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ మధ్య సాగుతున్న నూరేళ్ల యుద్ధంలో ఆయన సైనిక వృత్తి నేర్చుకున్నాడు. 1360లో బ్రెతిన్యీ దగ్గర రెండు రాజ్యాలూ సంధి చేసుకున్నాయి. రాజులకు అది శుభవార్తే కావచ్చు, కాని యుద్ధమే జీతమైన వేలాది మందికి అది పొయ్యిలో పిల్లి లేవని రోజు. ఊరికి తిరిగిపోయి నాగలి పట్టడానికి వాళ్లు సిద్ధంగా లేరు. గుంపులు కట్టి, నాయకులను ఎన్నుకొని, తమకు తాముగా దళాలుగా ఏర్పడి దక్షిణ ఫ్రాన్సు మీద పడ్డారు. ఆ ఏడాది చివర వాళ్లు రోన్ నది మీది పోన్ సాంత్ ఎస్ప్రీ అనే ఊరిని పట్టుకున్నారు. అప్పట్లో పోపు నివాసం రోములో లేదు. ఆ ఊరికి దగ్గరలోనే ఉన్న ఆవిన్యోన్‌లో ఉంది. క్రైస్తవ ప్రపంచపు గురుపీఠానికి దారులన్నీ మూసుకుపోయాయి.

పోపు ముందు వారిని వెలివేశాడు, తర్వాత డబ్బు ఇచ్చాడు. మిలాన్ పాలకులైన విస్కొంతీ వంశంతో కయ్యంలో ఉన్న మోన్‌ఫెరాతో ప్రభువు కింద పని చేయండి, ఆల్ప్స్ దాటి ఇటలీకి పోండి అన్నాడు. తన వాకిట్లో ఉన్న పామును పక్కింట్లోకి తోలడం అనే ఈ విద్యను ఇటలీ నగరాలు కూడా త్వరలోనే వంటబట్టించుకున్నాయి. 1361లో ఆల్ప్స్ దాటిన ఆ దళానికి శ్వేతదళం అని పేరు. మొదటి నాయకుడు ఆల్బర్ట్ స్టెర్ట్స్ అనే జర్మన్.

ఇటలీ వాళ్లకు ఈ దళం కొత్త వింత. ఇందులో లెక్క మనుషులతో కాదు, బల్లేలతో. ఒక బల్లెం అంటే ముగ్గురు: కవచధారి అయిన రౌతు ఒకడు, అతని సహాయకుడు ఒకడు, పనికుర్రాడు ఒకడు. యుద్ధభూమి దాకా గుర్రం మీద వచ్చి, అక్కడ దిగి, ఇద్దరేసి చొప్పున ఒకే బరువైన బల్లేన్ని పట్టుకొని గుండ్రంగా నిలబడి అడుగులో అడుగు వేస్తూ శత్రువు మీదికి నడిచేవారు. గుర్రాలను వెనక కుర్రాళ్లు పట్టుకొని ఉండేవారు. ఆ కుర్రాళ్లకు ఇంకొక పని కూడా ఉండేది: మేక మూలుగతో కవచాలను రుద్ది రుద్ది అద్దాల్లా మెరిపించడం. ఎండలో ఆ మెరుపు చూసేసరికే ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్మేవని ఆ కాలపు ఫ్లోరెన్స్ చరిత్రకారుడు రాసిపెట్టాడు. వీళ్లు చలికాలమని ఆగలేదు, రాత్రి అని ఆగలేదు. ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చి ఒకదానిలో ఒకటి దోపి ఎంత ఎత్తయినా పెంచుకోగలిగే నిచ్చెనలు వీళ్ల దగ్గర ఉండేవి. కావలివాడు నిద్రపోయిన గోడ ఎక్కడుందో వెతుక్కోవడం వీళ్ల యుద్ధతంత్రంలో మొదటి పాఠం.

పీసా నగరం ఫ్లోరెన్స్‌తో పోరుకు ఈ దళాన్ని కూలికి పిలిచింది. 1364 వసంతంలో వీళ్లు ఫ్లోరెన్స్ కోట ద్వారాల దాకా వచ్చారు. ఫ్లోరెన్స్ యుద్ధం చేయలేదు. సంచీ విప్పింది. స్టెర్ట్స్‌తో సహా చాలామంది నాయకులు ఆ డబ్బు తీసుకొని పీసాను వదిలి వెళ్లిపోయారు. అప్పటికి దళపతిగా ఎన్నికైన హాక్‌వుడ్ మాత్రం పీసాతో చేసుకున్న ఒప్పందానికి కట్టుబడి, మిగిలిన కొద్దిమందితో నిలిచాడు. నీతి కోసం నిలిచాడని నేను అనను. మాట మీద నిలబడతాడన్న పేరుకు మార్కెట్‌లో విలువ ఉంటుందని ఆయనకు అందరికంటే ముందు తెలిసింది. ఆ జూలై 28న కాషీనా దగ్గర ఆయన ఓడిపోయాడు. ఎండవేడికి ఫ్లోరెన్స్ సైనికులు ఆర్నో నదిలో స్నానాలు చేస్తున్న వేళ మీద పడాలని పథకం వేశాడు గాని, దూరాన్ని తప్పుగా అంచనా వేశాడు. ఆ స్నానాల ఘట్టాన్నే నూటనలభై ఏళ్ల తర్వాత మైకెలాంజెలో బొమ్మ గీశాడు. ఆ బొమ్మలో ఉన్నది నీళ్లలో నుంచి కంగారుగా పైకెక్కుతున్న మనుషులే తప్ప హాక్‌వుడ్ లేడు. ఆయన అప్పటికే మిగిలిన సైన్యాన్ని వెనక్కి మళ్లించాడు. ఓటమిలో కూడా సరుకును కాపాడుకోవడం వ్యాపారికి తెలియాలి.

ఇక్కడ ఆ కాలపు ఒప్పందాల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ సేనానుల పేరే ఒప్పందం నుంచి పుట్టింది. కొందొత్తా అంటే కౌలు పత్రం వంటిది. అది రాసుకున్నవాడు కొందొత్తియేరే. ఆ పత్రంలో ఎన్ని బల్లేలు, ఎన్ని నెలలు, నెలకు బల్లేనికి ఎంత, ముందుగా ఎంత బయానా, ఇవన్నీ ఉండేవి. నగర ఉద్యోగి వచ్చి ఒక్కొక్క గుర్రాన్నీ చూసి, రంగూ మచ్చలూ పుస్తకంలో ఎక్కించేవాడు, గుర్తు ముద్ర వేయించేవాడు. ఎందుకంటే యుద్ధంలో చచ్చిన గుర్రానికి నగరం పరిహారం ఇవ్వాలి. ముద్ర లేకపోతే ముసలి కంచరగాడిద చచ్చినా మేలుజాతి గుర్రం చచ్చిందని లెక్క రాసేవాళ్లు. పట్టుబడ్డ సామాన్యులు, దోచిన సొత్తు సైనికులవి. పట్టుబడ్డ రాజులు, సేనాపతులు, ఊళ్లు నగరానివి. పెద్ద విజయానికి రెట్టింపు నెలజీతం. ఇంత పకడ్బందీగా రాసుకున్న పత్రంలో ఒక్క ప్రశ్నకు జవాబు లేదు: గడువు తీరిన మర్నాటి ఉదయం ఈ వేలమంది సాయుధులు ఏం తిని బతకాలి?

దానికి జవాబు పల్లెలు చెప్పుకున్నాయి. గడువు తీరిన దళం కోతల వేళకు ఏదో ఒక నగరపు పొలిమేరల్లో దిగేది. పిండిమరలు తగలబడేవి, ద్రాక్షతోటలు నరికేసేవారు, పశువులను తోలుకుపోయేవారు, రైతులను పట్టుకొని విడుదల సొమ్ము అడిగేవారు. కోట ముట్టడి జోలికి పోయేవారు కాదు, అది ఖర్చుతో కూడిన పని. కొన్నాళ్లకు నగరం నుంచి రాయబారులు వచ్చేవారు. రొట్టెలు, ద్రాక్షసారా, మిఠాయిలు కానుకలుగా తెచ్చేవారు. బేరం మొదలయ్యేది. చివరకు ఇన్నేళ్లపాటు మీ జోలికి రామని దళపతి రాసి ఇచ్చేవాడు, వాయిదాల మీద సొమ్ము ముట్టేది. సియెనా వంటి నడిమితరం నగరం ఇలా ఎన్నిసార్లు చెల్లించుకుందో చూస్తే, దాని పతనానికి బయటి శత్రువు ఎవరూ అక్కరలేదనిపిస్తుంది.

ఈ వ్యాపారంలో హాక్‌వుడ్ శిఖరానికి చేరిన ఏడు 1375. అప్పటికి ఆయన మిలాన్ కొలువు వదిలి పోపు కొలువులో ఉన్నాడు. పోపు మిలాన్‌తో తాత్కాలిక సంధి చేసుకున్నాడు. కొలువు ఖాళీ అయిన హాక్‌వుడ్ తన సైన్యంతో ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతం వైపు కదిలాడు. ఆయన ఇంకా ఒక్క మర కూడా తగలబెట్టలేదు. కదిలాడన్న కబురుకే ఫ్లోరెన్స్ రాయబారులు ఎదురెళ్లి, ఐదేళ్లపాటు తమ మీదికి రానని మాట తీసుకొని 130,000 ఫ్లోరిన్లు ఒప్పుకున్నారు. ఒక్కొక్క ఫ్లోరిన్‌లో మూడున్నర గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది. అంటే ఒకే ఒక్క సంతకానికి 450 కిలోలకు పైగా బంగారం. పీసా, సియెనా, లూకా, ఆరెత్సో కూడా తమ తమ తాహతును బట్టి చెల్లించాయి. పైగా ఫ్లోరెన్స్ ఆయనకు జీవితాంతం ఏటా 1,200 ఫ్లోరిన్ల భరణం కూడా రాసిచ్చింది. ఈ భారం మోయడానికి నగరం తన పరిధిలోని మతాచార్యుల మీద నిర్బంధ వసూళ్లు వేసింది. ఇది పోపు పంపిన ముప్పేనని ఫ్లోరెన్స్ అనుమానించింది. ఆ కోపమే ఆ ఏడాదే మొదలైన పోపు యుద్ధానికి ఒక కారణమైంది. ఆ రోజుల్లోనే సియెనాకు చెందిన సన్యాసిని కాథరీన్ ఆయనకు ఉత్తరం రాసి, క్రైస్తవుల మీద పోరు మాని, పుణ్యభూమికి పోయి పోరాడమని వేడుకుంది. ఆయన వెళ్లలేదు. పుణ్యభూమిలో జీతం ఇచ్చేదెవరు?

ఆ కాలపు కథకుడొకడు చెప్పిన ఒక ముచ్చట ఉంది. ఇద్దరు సన్యాసులు ఆయన కోటకు వచ్చి, వాడుక ప్రకారం, దేవుడు మీకు శాంతి ప్రసాదించు గాక అన్నారట. దానికి ఆయన, దేవుడు మీకు బిచ్చం దొరకకుండా చేయు గాక అన్నాడట. సన్యాసులు బెదిరిపోతే, నేను యుద్ధం మీద బతికేవాణ్ని, శాంతి వస్తే నా గతేమిటి, మీరు నాకు మేలు కోరారా కీడు కోరారా అని అడిగాడట. జరిగిందో కల్పనో గాని, ఇది ఆయన లెక్కల పుస్తకానికి సరిపోయే ముచ్చట.

ఇక చెజేనా. దీని దగ్గర మాట తొందరగా సాగదు.

పోపుకూ ఫ్లోరెన్స్‌కూ మధ్య యుద్ధం రొమాన్యా ప్రాంతానికి పాకింది. 1376లో హాక్‌వుడ్ ఫయెంజా నగరాన్ని పోపు తరఫున కాపలా కాయవలసినవాడు, జీతాలు బాకీ పడ్డాయన్న కారణంతో దాన్నే దోచుకొని, తర్వాత ఫెరారా ప్రభువుకు అమ్మేశాడు. పోపు శిక్షించలేదు. శిక్షించే శక్తి లేదు. బాకీ కింద బన్యకవాల్లో, కొతిన్యోలా అనే ఊళ్లను రాసిచ్చాడు. ఆ చలికాలంలో పోపు ప్రతినిధి, జెనీవాకు చెందిన కార్డినల్ రాబర్ట్, బ్రిటనీ నుంచి తెచ్చిన కిరాయి దళాలతో చెజేనాలో మకాం వేశాడు. చెజేనా పోపు పట్ల విధేయంగా ఉన్న ఊరు. ఆ దళాలు ఇళ్లల్లో దూరి తిండిగింజలూ బట్టలూ లాక్కొని, ఆడవాళ్ల జోలికి పోతే, 1377 ఫిబ్రవరి మొదట్లో ఊరు తిరగబడి కొన్ని వందల మందిని చంపింది. కార్డినల్ కోటలో తల దాచుకొని, తప్పు మా వాళ్లదే, ఆయుధాలు అప్పగించండి, క్షమిస్తానని ఊరిపెద్దలకు మాట ఇచ్చాడు. వాళ్లు నమ్మి అప్పగించారు. ఆ తర్వాత ఆయన ఫయెంజాలో ఉన్న హాక్‌వుడ్‌ను పిలిపించాడు.

హాక్‌వుడ్ వెనకాడాడనీ, ఊరివాళ్లకు తానే నచ్చచెప్తానన్నాడనీ, కార్డినల్ మాత్రం నాకు రక్తం కావాలి అన్నాడనీ ఆ కాలపు వృత్తాంతాలు చెబుతున్నాయి. తర్వాత ఆయన వెనకాడలేదు. రాత్రివేళ ద్వారాలు తెరుచుకున్నాయి. ఆయుధం లేని ఊరి మీద మూడు రోజులు కత్తి ఆడింది. కోట చుట్టూ ఉన్న కందకాలలో, పారిపోబోయి పడినవాళ్లు చలినీటిలో మునిగి చచ్చారు. చనిపోయినవారి సంఖ్య 2,500 నుంచి 5,000 దాకా చెప్పారు. హాక్‌వుడ్ కొందరు స్త్రీలను కాపాడి రిమిని వైపు పంపించాడని ఆయన పక్షాన చెప్పేవాళ్లు ఉన్నారు. పంపించి ఉండవచ్చు. అయితే ఆ పని చేయగలిగినవాడు మిగతా పని ఆపగలిగేవాడు కూడా. ఆ రాత్రి ఆయన చేతిలో ఉన్నది ఒప్పంద పత్రం, ఎదుట నిలిచింది యజమాని. ఆ యజమాని మరుసటి ఏడాది సెప్టెంబరులో, రోములోని పోపుకు పోటీగా ఆవిన్యోన్ పక్షపు పోపుగా ఎన్నికై క్లెమెంట్ అనే పేరు పెట్టుకున్నాడు. క్లెమెంట్ అంటే దయామయుడు. చరిత్రకు ఎకసెక్కం తెలుసు.

కొద్ది నెలలైనా కాకుండా హాక్‌వుడ్ పోపును వదిలి, పోపు శత్రువులైన ఫ్లోరెన్స్, మిలాన్‌ల కూటమిలో చేరాడు. పశ్చాత్తాపంతో చేరాడని చెప్పుకోవడానికి మనసు ఉవ్విళ్లూరుతుంది గాని, అటువైపు జీతం ఎక్కువ, బాకీలు తక్కువ. మిలాన్ పాలకుడు బెర్నబో విస్కొంతీ తనకు వివాహేతరంగా పుట్టిన కూతురు దొన్నీనాను ఆయనకిచ్చి పెళ్లి చేశాడు. 1385లో బెర్నబోను అన్న కొడుకు జాన్ గలియాత్సో మాటువేసి పట్టుకొని ఖైదులో పెట్టాడు. మామ చెరలో చచ్చాడు. అల్లుడు ఆ ఏడాదే ఆ అన్న కొడుకుతో ఒప్పందం చేసుకున్నాడు.

ఆయన యుద్ధవిద్యను శంకించడం న్యాయం కాదు. 1387 మార్చి 11న కస్తన్యారో దగ్గర పాదువా తరఫున వెరోనా సైన్యాన్ని ఎదుర్కొన్నప్పుడు, సంఖ్యలో తక్కువై, తిండి కరువై వెనక్కి నడుస్తున్న దళం ఆయనది. వెనక్కి నడుస్తూనే తనకు కావలసిన నేలను ఎంచుకున్నాడు: ఎదురుగా కాలువ, ఒక పక్క బురద, ఒక పక్క గట్టు. వెరోనా వాళ్లు కట్టెల మోపులు పడేసి కాలువ పూడ్చి దాటడానికి తంటాలు పడుతూ చిక్కుపడ్డాక, తన రౌతులతోనూ ఇంగ్లీషు విలుకాండ్రతోనూ పక్కనుంచి వెళ్లి వాళ్ల మీద విరుచుకుపడ్డాడు. చేతిలోని సేనాధిపత్యపు దండాన్ని శత్రువుల నడిమికి విసిరి, అది తెచ్చుకోండి అని సైనికులను ఉసిగొల్పాడని చెబుతారు. వెరోనా సేనాపతులిద్దరూ పట్టుబడ్డారు.

1390 తర్వాత ఫ్లోరెన్స్ తరఫున జాన్ గలియాత్సోతో పోరాడింది ఈయనే. డెబ్బయ్యో పడికి దగ్గరపడినవాడు. 1391లో మిలాన్ భూముల్లోకి చొచ్చుకుపోయాడు. మరోవైపు నుంచి వచ్చి కలవవలసిన ఫ్రెంచి మిత్రసైన్యం కోసం ఎదురుచూశాడు. అది రాకముందే తిండి కరువై వెనక్కి మళ్లవలసి వచ్చింది. శత్రు సేనాని ఆయనకు బోనులో పెట్టిన నక్కను కానుకగా పంపాడట. నక్క బాగానే ఉల్లాసంగా ఉంది, బయటికి దారి దానికి తెలుసులెండి అని ఈయన కబురు పెట్టాడట. శత్రువులు ఆదిజే నది గట్లు తెంచి మైదానమంతా నీళ్లు నింపినా, ఆ నీళ్లల్లోంచే రాత్రిపూట నడిపించి సైన్యంలో ఎక్కువ భాగాన్ని దాటించాడు. కొద్ది రోజులకు ఆ ఫ్రెంచి సైన్యం అలెస్సాంద్రియా దగ్గర తుడిచిపెట్టుకుపోయింది. దాని నాయకుడైన ఆర్మన్యాక్ ప్రభువు చచ్చాడు. ఫ్లోరెన్స్‌కు మిగిలింది ఈ ముసలి ఇంగ్లీషువాడి సైన్యమే.

ఆ ఏడు ఫ్లోరెన్స్ ఆయనకు పౌరసత్వమిచ్చింది. అదనంగా ఏటా 2,000 ఫ్లోరిన్లు, ఆయన తదనంతరం భార్యకు ఏటా 1,000, ముగ్గురు కూతుళ్లకూ కట్నాలు ఇస్తామంది. ఒకప్పుడు రాకుండా ఉండేందుకు ఇచ్చిన నగరం ఇప్పుడు పోకుండా ఉండేందుకు ఇచ్చింది. రెండు పద్దుల మధ్య తేడా ఎంత అని ఆ రోజుల్లో గుమాస్తాలు లెక్కవేసి ఉండరు.

ఈ నగరాలకు వేరే దారి లేదా అని అడగవచ్చు. సొంత పౌరసేనను పెంచే దారి ఉండేది, కాని ఆయుధం పట్టిన పౌరుడు రేపు తమకే ఎదురుతిరుగుతాడని పాలక కుటుంబాలకు భయం. ఉన్నివర్తకుడికీ వడ్డీవ్యాపారికీ సుంకం కట్టడం సులువు, వాళ్ల కొడుకులను పంపడం కష్టం. కిరాయి సేనానికి నగరం మీద ప్రేమ లేదు కాబట్టి కక్ష కూడా లేదు. అదే వాళ్లకు నచ్చిన గుణం. ఫ్లోరెన్స్‌కు చెందిన రాజనీతి రచయిత మకియవెల్లీ తర్వాత ఈ విషయాన్నే తేల్చి చెప్పాడు: అకూతో గెలవలేదు కాబట్టి ఆయన విశ్వాసం పరీక్షకు రాలేదు, గెలిచి ఉంటే ఫ్లోరెన్స్ ఆయన దయాదాక్షిణ్యాల మీద ఉండేది. మరో నగరంలో ఆ పరీక్ష జరిగింది. హాక్‌వుడ్ పాలించిన కొతిన్యోలాలో ఆయన కాలంలో ఒక రైతుబిడ్డ పెరిగాడు. గొడ్డలిని చెట్టు మీదికి విసిరి, దిగబడితే సైన్యానికి పోతానని చెప్పి పోయాడని అతని గురించి కథ. అతను స్ఫోర్జాగా పేరుపొందాడు. అతని కొడుకు 1450లో, తనకు జీతమిచ్చిన మిలాన్‌కే డ్యూక్ అయ్యాడు. వెనిస్ అయితే అంతదాకా రానివ్వలేదు. తన సేనాని కార్మాన్యోలా శత్రువును ఓడించి, బందీలను విడిచిపెట్టి, తర్వాత చేతులు ముడుచుకొని కూర్చున్నాడని అనుమానించి, మర్యాదగా నగరానికి ఆహ్వానించి, 1432 మే 5న నోటికి గుడ్డ కుక్కి తల నరికించింది.

ఈ శిరచ్ఛేదం జరిగిన నాలుగేళ్లకు ఫ్లోరెన్స్ హాక్‌వుడ్ బొమ్మ గీయించింది. ఆయన 1394 మార్చిలో, ఆస్తులు అమ్ముకొని ఇంగ్లండ్‌కు పోవాలని ఏర్పాట్లు చేసుకుంటూ ఉండగా చనిపోయాడు. ఆయన బతికి ఉండగానే నగరం చలువరాతి సమాధి కట్టిస్తానని తీర్మానించింది. కట్టించలేదు. రాతికి డబ్బు ఎక్కువవుతుందని రంగుతో సరిపెట్టారు. మరుసటి ఏడు ఇంగ్లండ్ రాజు రిచర్డ్ ఎముకలు పంపమని అడిగితే, ఫ్లోరెన్స్ సరేనంది. ఉచ్చెల్లో వేసిన మొదటి బొమ్మ సరిగా కుదరలేదని చెరిపించి, మళ్లీ వేయించారు. దాని కింద లాటిన్‌లో ఒక వాక్యం రాయించారు. బ్రిటన్‌కు చెందిన ఈ రౌతు తన కాలపు సేనానులలో మిక్కిలి జాగరూకుడు, యుద్ధవిద్యలో ఆరితేరినవాడు అని ఆ వాక్యం. ధీరుడనలేదు, నమ్మకస్థుడనలేదు. ఆ మాటలు కూడా సొంతం కావు. ఏళ్ల తరబడి హనిబాల్‌తో నేరుగా తలపడకుండా వెనక్కి తగ్గుతూ రోమును కాపాడిన ఫాబియుస్ మాక్సిముస్ గురించి పాత రాతిఫలకం మీద ఉన్న పొగడ్తను ఎత్తి, పేరు మార్చి రాసుకున్నారు.